పట్టీల రొయ్యను ఉంచుకొనుట గురించి

జూలై 9

ఈరోజు సాయంత్రం బస్ డిపోలోని పార్శిల్ కౌంటర్ వద్ద ఒక థర్మోకోల్ డబ్బాను స్వాధీనపరచుకున్నాను. డబ్బాలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఉప్పునీరు, ఉప్పునీటిలో ఒక రొయ్య. లోపల ఏమున్నది సార్ అని కౌంటర్ ఆయన అడిగాడు. రొయ్య అన్నాను. ఒక్కటేనా అన్నాడు. ఒక్కటే అన్నాను. కూరకు సరిపోదు గద సార్ అన్నాడు. సంతకం పెట్టి తీసుకున్నాను.

నారాయణఖేడ్‌కు సముద్రం లేదు. ఈ కొరతను ఏ ప్రణాళికలోనూ చేర్చలేదు గనుక, డిగ్రీ కాలేజీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ బోధించే వ్యక్తిగా చొరవ తీసుకొని, మా ముందుగదిలో నాలుగడుగుల మేర దానిని నేనే ఏర్పాటు చేశాను. ఈ ఉప్పునీటి అక్వేరియంను రీఫ్ ట్యాంక్ అంటారు. అందులో ప్రస్తుతం కొన్ని పగడాలు, జంటగా రెండు క్లౌన్ చేపలు, ఒక చిన్న గోబీ చేప, వినోద ముచ్చటపడి తెప్పించుకున్న ఎర్రతోక ఫైర్‌ఫిష్ నివసిస్తున్నాయి. వినోద నా భార్య. ఐదో నెల దాటుతున్నది. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఆ విషయం ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఇక్కడ కూడా ఇంతకుమించి రాయను.

రొయ్యను తెప్పించుటకు కారణం: రాళ్ల సందుల్లో ముళ్లపురుగులు పెరిగాయి. కోరల్ బ్యాండెడ్ ష్రింప్ అనే ఈ జాతి రొయ్య వాటిని తింటుందని హైదరాబాద్‌లో అక్వేరియం దుకాణం నడిపే మహేందర్ చెప్పాడు. అతనిది మా పక్కనున్న సిర్గాపూర్. మస్తు నెమ్మది సార్, ఎవ్వల జోలికి పోదు అని హామీ ఇచ్చాడు. హామీల అమలు తీరు మీద ఏటా పాఠం చెప్పేవాణ్ణి. అయినా నమ్మాను.

జూలై 12

నూతన నివాసి ఒళ్లంతా ఎరుపు, తెలుపు పట్టీలు. ఒంటికంటే పొడుగైన తెల్లని మీసాలు. పటకారుల వంటి రెండు చేతులు ఎల్లప్పుడూ ముందుకు చాచి ఉంటాయి. అర్జీలు పుచ్చుకోవడానికి మాత్రం కాదు. పగలంతా రాతి గుహ కప్పుకు తలకిందులుగా వేలాడుతుంది. ముళ్లపురుగులు తగ్గుముఖం పట్టాయి. ఇంతవరకు ప్రవర్తన సంతృప్తికరం.

కూతురి కాన్పుదాకా ఉండడానికి బోరంచ నుంచి వచ్చిన మా అత్తమ్మ హన్మమ్మ ఈరోజు ట్యాంక్ నిర్వహణపై తొలి ఆక్షేపణ తెలిపింది. గీ అల్లుడు మిషిన్ పెట్టి బోరు నీళ్లల్ల ఉప్పు తీస్తడు, మల్ల గా నీళ్లల్లనే సంచెడు ఉప్పు పోస్తడు, గింత సదువు సదివి ఏం ఫాయిదా అని పక్కింటావిడతో చెబుతుండగా విన్నాను. ఆక్షేపణలో సాంకేతిక దోషం ఏదైనా ఉన్నదేమోనని చాలాసేపు వెతికాను. దొరకలేదు.

జూలై 20

గోబీ కనిపించడం లేదు.

జూలై 22

గుహ ముందు గోబీ తోక లభ్యమైనది. రొయ్యపై ప్రాథమిక విచారణ జరిపాను. ప్రత్యక్ష సాక్షులు క్లౌన్ చేపలు రెండూ నోరు తెరిచి మూశాయి గానీ వాంగ్మూలం లభించలేదు.

మహేందర్‌కు ఫోన్ చేశాను. సార్, అది సచ్చినంక ఇది తిన్నదో, ఇది తిన్నంక అది సచ్చిందో మనమెట్ల జెప్తం అన్నాడు. తర్వాత కొంత మెత్తబడి, ఇవి చిన్న చేపలను పట్టడం అప్పుడప్పుడు ఉన్న సంగతేనని ఒప్పుకున్నాడు. పరేషాన్ గాకుండ్రి, డబ్బల వెట్టి బస్సుకెయ్యుండ్రి, నేను వాపస్ తీస్కుంట అన్నాడు.

స్టాఫ్ రూమ్‌లో ఇంగ్లిష్ లెక్చరర్ నెహెమ్యా అభిప్రాయం కోరాను. పురుగులను తినుమని తెచ్చినవ్, మంచిగనే ఉన్నది, చేపను తినొద్దని దానికి ఎవలన్న జెప్పిండ్రా అన్నా, అన్నాడు. ఉద్యోగికి విధులు మాత్రమే తెలిపి పరిమితులు తెలపకపోవడం యాజమాన్యపు లోపమే. అయినా ఫైర్‌ఫిష్ వినోదది. మంచం ఎదురుగా ట్యాంక్ పెట్టించుకున్నదే దానిని చూడటానికి. రొయ్యను వచ్చే వారం పంపించాలని నిర్ణయించాను.

ఆగస్టు 2

డాక్టరమ్మ స్కాన్‌ను రెండుసార్లు చూసింది. తర్వాత చెప్పింది: కడుపులో నీళ్లు తక్కువ, బీపీ ఎక్కువ, ఎడమవైపు తిరిగి పడుకోవాలి, బస్సు ఎక్కరాదు, ఆటో ఎక్కరాదు, ఆ రోడ్డు మీద అసలే ఎక్కరాదు. ఇంతకుముందు ఏమైందో కాగితాల్లో చదివి, ఈసారి జాగ్రత్త అన్నది. క్రితం రెండుసార్లూ ఇదే మాట విన్నాము.

వినోద అక్కడినుంచే తల్లికి ఫోన్ చేసింది. నెహెమ్యా కారులో అడుగడుగునా గుంతలు తప్పించుకుంటూ ఇల్లు చేరేసరికి అత్తమ్మ తలస్నానం చేసి, తడి చీరతో, ట్యాంక్ ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నది. గాజు మీద పసుపు, కుంకుమ. బయటివైపే పెట్టినందుకు కృతజ్ఞుణ్ణి. ఏమిటని అడిగాను. మొక్కిన అన్నది. ఏమని అన్నాను. తల్లీ నల్లపోచమ్మా, నా బిడ్డ కాన్పు సల్లగ జెయ్యి, గీ ప్రాణిని నీకే అప్పజెప్త అని మొక్కిందట.

గీ ప్రాణి అంటే ఏ ప్రాణి అన్నాను.

గుహ వైపు చూపించింది.

ఆగస్టు 3

మొక్కు విషయమై ఉభయ పక్షాల వాదనలు.

నా వాదన: దేవతకు మేకనో కోడినో మొక్కుతారు, రొయ్యను మొక్కిన ఆనవాయితీ లేదు.

అత్తమ్మ వాదన: మీ ఇంట్ల మేక ఉన్నదా, కోడి ఉన్నదా? కోడి కూస్తే ఇంటిఓనరు ఎల్లగొడ్తడని నువ్వే అంటివి. ఉన్న ప్రాణులల్ల గా రెండు చేపలు జంట, జంటను ఇరగ్గొట్టొద్దు. ఎర్రతోకది నా బిడ్డకు పానం. ఇగ మిగిలింది గదే. పైగా దాని ఒళ్లు సూసినవా? పోచమ్మ గుడి గోడకు పూసినట్టు ఓ పట్టె తెల్ల సున్నం, ఓ పట్టె ఎర్ర జాజు. అది మొదట్నుంచి అమ్మదే. నీకు తెల్వక బస్సుల తెప్పించుకున్నవ్.

రొయ్యను వాపసు పంపాలని నిర్ణయమైనట్టు తెలియజేశాను. అత్తమ్మ నన్ను జాలిగా చూసింది. అమ్మ పేర ఇడిసిన యాటపోతు ఎవల చేన్ల వడి మేసినా కట్టె లేపరు, దాన్ని అమ్మరు, ఊరు దాటియ్యరు, గంత గూడ ఎరుకలేదా అన్నది. అంటే కాన్పు అయ్యేవరకు సదరు రొయ్యకు చట్టపరమైన రక్షణ కలదు.

నేను దేవుణ్ణి నమ్మను. ఈ సంగతి పెళ్లిచూపులనాడే స్పష్టపరచాను. కావున మహేందర్‌కు ఫోన్ చేసి, రొయ్యను పంపడం తాత్కాలికంగా నిలుపుదల చేసినట్టు చెప్పాను. ఎందుకు సార్ అన్నాడు. పరిపాలనాపరమైన కారణాలు అన్నాను.

ఆగస్టు 17

ఫైర్‌ఫిష్ తోక చినిగిపోయి, రాతికి ఒరిగి ఉన్నది. మధ్యాహ్నానికి పోయింది. వినోద లేవకూడదు. అయినా లేచి, దానిని దోసిట్లోకి తీసుకొని, గులాబీ కుండీలో పెట్టి మన్ను కప్పింది. వచ్చి మళ్లీ ఎడమవైపు తిరిగి పడుకున్నది. ఎదురుగా ట్యాంక్. గుహలోంచి మీసాలు బయటికి వచ్చి ఊగుతున్నాయి.

అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. వల పట్టుకొని ట్యాంక్ మూత తీశాను. అత్తమ్మ వంటింటి గడపలోనే నిలబడ్డది. అడ్డుపడుతుందని ఎదురుచూశాను. అడ్డుపడితే ఎంతో సులభంగా ఉండేది. తియ్యాల్నంటే తియ్యి అల్లుడా, నేనేమన అన్నది. కొంచెం ఆగి, నెలలు నిండేదాంక నీకు నిద్ర పడ్తదంటే తియ్యి అన్నది.

నెలలు నిండేదాకా అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. ఆపినది ఏ సిద్ధాంతమో తెలియదు. నేను చదివినవాటిలో లేదు. వల తడవలేదు.

ఆగస్టు 18

ఈ ఇంట్లో నమ్మకం లేనివాడు ఒక్కడే, వల పక్కన పెట్టినవాడూ అతడే.

సెప్టెంబర్ 6

ముఖ్య పరిణామం. రొయ్య పొట్ట కింద నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో ఏదో ముద్ద కనిపించింది. భూతద్దం పెట్టి చూశాను. గుడ్లు. గసగసాలంత గుడ్లు, కాళ్ల మధ్య గుత్తిగా అంటుకొని ఉన్నాయి. కదిలినప్పుడల్లా అది కాళ్లతో వాటికి నీళ్లు విసురుతున్నది.

కావున ఇది ఆడది. కావున కేసును తిరిగి తెరవవచ్చు.

సెప్టెంబర్ 7

ఉదయం చాయ్ తాగుతూ అత్తమ్మ ముందు విషయాన్ని ప్రవేశపెట్టాను. పోచమ్మకు ఇచ్చేది పోతునా, ఆడదాన్నా? ఆడదాన్ని ఎట్ల ఇస్తరు, పోతునే ఇయ్యాలె, కోడైతే పుంజునే కొయ్యాలె అన్నది. అయితే భూతద్దంలో చూడమన్నాను. చూసింది. చాలాసేపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అయ్యో, ఇది సూలుది గద అల్లుడా అన్నది. రెండు చెంపలు వేసుకొని, తప్పయింది తల్లీ, బదులు పుంజును ఇస్త అని అక్కడికక్కడే సవరణ ప్రతిపాదించి, తానే ఆమోదించింది.

పెళ్లయిన నాటినుంచి అత్తవారిపై నేను గెలిచిన మొదటి కేసు. రుచి కూడా సరిగ్గా చూడలేదు. అటక మీదినుంచి థర్మోకోల్ డబ్బా దించి దుమ్ము తుడుస్తుండగా మంచం మీదినుంచి వినోద, దాన్ని ఎటు పంపుతున్నవ్ అన్నది. హైదరాబాద్‌కు అన్నాను. ఎట్ల అన్నది. బస్సులో అన్నాను. గా రోడ్డు మీద నన్ను బస్సు ఎక్కొద్దన్నరు, దాని కడుపుల ఏమన్న రాళ్లున్నయా అన్నది.

ఇది రొయ్య అని గుర్తుచేశాను. నాకెరుకే అన్నది. అది నీ ఫైర్‌ఫిష్‌ను చంపింది అన్నాను. దాన్ని నేనే మన్నుల వెట్టిన, నువ్వు జెప్తేనే తెల్వాల్నా అన్నది. తర్వాత అటు తిరిగింది. డాక్టరమ్మ చెప్పిన వైపు కాదది. మళ్లీ ఇటు తిరిగి, ఉండనియ్యి అన్నది.

మొక్కు రద్దయినా రొయ్య ఉన్నది. డబ్బాను అటక ఎక్కించాను.

సెప్టెంబర్ 9

మగతోడు లేకున్నా ఈ రొయ్యలు గుడ్లు పెడతాయట. అవి పగలవట. కొన్నాళ్లు మోసి, మోసి, పెంకు విడిచే రోజున పాత పెంకుతో పాటే వదిలేస్తుందట. నిన్న చదివాను. ఒకటికి మూడుచోట్ల చదివాను. మూడు చోట్లా అదే ఉన్నది.

వినోద ఇప్పుడు ఉదయం లేవగానే రొయ్య పొట్ట కింది ఆ ఆకుపచ్చ గుత్తిని చూస్తుంది. ఇయ్యాల కొంచెం రంగు మారింది చూడు అంటుంది. చూస్తాను. మారింది అంటాను. చదివిన విషయాన్ని అత్యంత గోప్యంగా ఉంచాలని నిర్ణయించాను.

నెహెమ్యాకు చెప్పాను. అతనికి కాక ఎవరికి చెబుతాను? నువ్వు గివేవీ నమ్మవు గద అన్నా, మరి దాచుడెందుకు అన్నాడు. వినోద అపశకునం అనుకొని బెంగపడుతుందని అన్నాను. అనుకుంటదని వదినె జెప్పిందా అన్నాడు. నా చాయ్ చల్లారిందని చెప్పి క్లాసుకు వెళ్లిపోయాను. ఆ పీరియడ్‌లో నాకు క్లాసు లేదు.

సెప్టెంబర్ 15

స్కాన్. నీళ్లు కొంచెం పెరిగాయి. డాక్టరమ్మ నవ్వలేదు గానీ తల ఊపింది. వచ్చేదారిలో వినోద తన పొట్ట మీద నా చెయ్యి పెట్టింది. లోపలినుంచి ఒక తాపు. దానిని ఏ భాషలో నమోదు చేయాలో తెలియక ఇలా రాస్తున్నాను: తాపు తగిలింది.

సెప్టెంబర్ 24, ఉదయం

జరిగింది. గుహ బయట ఖాళీ పెంకు పడి ఉన్నది. పట్టీలతో సహా, మీసాలతో సహా, లోపల ఎవరూ లేకుండా. కాళ్ల మధ్య ఇంకా కొన్ని గుడ్లు అంటుకొని ఉన్నాయి, బూడిద రంగులో. రొయ్య గుహ లోపలి మూలకు ఒదిగి ఉన్నది. పొట్ట కింద ఏమీ లేదు.

వినోద కళ్లు మూసుకొని ఉన్నది. చప్పుడు కాకుండా మూత తీసి, పెంకును రెండు వేళ్లతో తీసి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. గుహ ముందుకు ఒక రాయి జరిపాను, లోపల ఉన్నది బయటికి కనబడకుండా. రెండు చేతులూ రుద్దుకున్నాను. నీళ్లు చల్లగా ఉండటం వల్ల కావచ్చు. ట్యాంక్‌లో హీటర్ ఉన్నది.

కాలేజీకి పోతూ మార్కెట్ దాటినాక రోడ్డు పక్కన ఆగి జేబు ఖాళీ చేశాను. ఆ పని ఒక ఖాళీ పెంకు విషయంలో చేస్తున్నట్టు అనిపించలేదు.

సెప్టెంబర్ 26

రొయ్య ఏదీ అని వినోద అడిగింది. గుడ్లు పొదిగేటప్పుడు లోపల దాక్కుంటుందట అన్నాను. అవునా అన్నది. ఇక ప్రశ్నలు లేవు. నా జీవితంలో ఇంత సాఫీగా సాగిన అబద్ధం మరొకటి లేదు. అందుకే కొంత అనుమానంగా ఉన్నది.

అక్టోబర్ 8, ఉదయం

నెలలు నిండలేదు. నొప్పులు మొదలయ్యాయి. 108లో సంగారెడ్డి.

అక్టోబర్ 8, సాయంత్రం

దవాఖాన వరండా. బెంచీ మీద అత్తమ్మ, ఆమె పక్కన నేను. రాయడం తప్ప చేతులతో చేయగలిగింది ఏదీ లేదు.

లోపలికి తీసుకుపోయే ముందు వినోద నన్ను దగ్గరికి పిలిచింది. ఏదో భయం చెబుతుందనుకొని ధైర్యవచనాలు సిద్ధం చేసుకున్నాను. గా రాయి తీసెయ్యి, దానికి దారి ఇరుకైంది అన్నది. ఏ రాయి అన్నాను. ఏ రాయి అంటవేంది, నువ్వు జరిపిన రాయి అన్నది.

పెంకు విడిచిన ఆ తెల్లవారుజామున తాను మేలుకొనే ఉన్నదట. నాకంటే ముందే అంతా చూసిందట. పెంకు నడుం కాడ పగిలింది, ఒక్క గుంజు గుంజుకొని ఎనక్కి బయటికొచ్చింది, మెత్తగున్నది, వణుక్కుంట నిలవడ్డది, గుడ్లన్ని పాత దానికే వోయినయ్ అని ఒక్కొక్కటే చెప్పింది. మధ్యలో నొప్పి వస్తే ఆగి, పోయినాక విడిచినచోటినుంచే అందుకున్నది. నేను కళ్లు మూసుకున్న, నువ్వు జేబుల వెట్టుకునేది గూడ సూసిన అన్నది.

అవి పగలవని నాకు ముందే తెలుసు, నీకు చెప్పలేదు అన్నాను. నాకు గూడ ఎరుకే, డబ్బ దించిన దినమే మహేందర్‌కు ఫోన్ జేసి అడిగిన అన్నది. నువ్వు గాబర అయితవని జెప్పలే అన్నది.

తెలిసీ ఎందుకు ఉండనిమ్మన్నావు అన్నాను.

గుడ్లు పగిల్తేనే ఉంచుకుంటమా అన్నది.

నర్సు స్ట్రెచర్ తోసింది. తలుపు మూసుకున్నది. క్రితం రెండుసార్లు ఇదే విధంగా తలుపు మూసుకున్నప్పుడు ఆమె లోపల ఏమి అనుకుంటూ వెళ్లిందో నేను ఒక్కనాడూ అడగలేదు.

అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకొని కూర్చున్నది. దేవతకు చెబుతున్నదో నాకు చెబుతున్నదో తెలియదు. అయితది, మంచిగనే అయితది అంటున్నది. అవును అన్నాను.

అక్టోబర్ 9

ఆడపిల్ల. చాలా చిన్నది. వెచ్చదనానికి దీపం కింద పెట్టారు. ఊపిరి తనంతట తానే తీసుకుంటున్నది. గాజు బయటినుంచి చూశాను. బరువు పెరిగేదాకా ఉండాలన్నారు, గండం లేదన్నారు. ఆ రెండో మాటను ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పారు.

వినోద క్షేమం.

అత్తమ్మ పుంజు సంగతి ఎత్తింది. నేనే పోయి తెస్తాను అన్నాను. ఇప్పుడన్న నమ్ముతవా అల్లుడా అన్నది. లేదత్తమ్మా, నడవడానికి ఏదన్నా పని కావాలె అన్నాను. నవ్వింది. కొంగుతో ముఖం తుడుచుకున్నది. తర్వాత నా ముఖం కూడా తుడిచింది.

అక్టోబర్ 11, బస్సులో

బట్టల కోసం ఇంటికి పోయి వస్తున్నాను.

రాయి తీశాను. చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉండగా అది బయటికి వచ్చింది. మీసాలతో నా మణికట్టును తడిమింది. తర్వాత వేళ్ల మీదికి ఎక్కి, గోళ్ల చుట్టూ లేచిన తోలును చిన్నచిన్న చేతులతో ఏరసాగింది. ఒక్కో వేలు, తొందర లేకుండా. రోగమొచ్చిన చేప ఎదుటికి వచ్చి కదలకుండా నిలబడితే ఈ జాతి రొయ్య దానిని అట్లా శుభ్రం చేస్తుందట.

నేను కదలలేదు. ఎక్కాల్సిన బస్సు పోయింది. ఇది ఆ తర్వాతి బస్సు.